కాడి మీద బరువు, హుక్కు మీద బరువు: కారు వెనక కారవాన్ కుదురుగా నడవాలంటే

(ఒంగోలులో ఒక ఆదివారం ఉదయం కార్ల యజమానులు, డ్రైవర్లు, ట్రైలర్లు తయారుచేసే వెల్డింగు షెడ్లవారు కూడుకున్నప్పుడు ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆనాడు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి ఎత్తి రాశాము.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవారికి నా మాట వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడులో వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈరోజు నేను ఒకే ఒక్క విషయం గురించి మాట్లాడతాను. కారు వెనక కారవాన్‌ను, అంటే పడకలూ వంటగట్టూ ఉన్న చక్రాల ఇంటిని, తగిలించుకుని పోతున్నప్పుడు అది ఎందుకు కుదురుగా నడుస్తుంది, ఎందుకు కుదురు తప్పి పాములా మెలికలు తిరుగుతుంది, ఆ మెలికలు పుట్టకుండా మనం ఏం చేయాలి అన్నదే ఆ విషయం. బిందె దొర్లిపోకుండా దాని కింద పెట్టే గడ్డి చుట్టను మన ఇళ్లలో కుదురు అంటారు. బిందెను కాస్త కదిపినా మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. బండికి కుదురు ఉండడమంటే కూడా అంతే. గాలి తోసినా, గుంటలో పడినా, బస్సు పక్కనుంచి దూసుకుపోయినా, కాస్త ఊగి తనంతట తాను సర్దుకోవాలి. సర్దుకోకుండా ఒక ఊపు కంటే తర్వాతి ఊపు పెద్దదవుతూ పోయిందంటే, ఆ బండికి కుదురు లేదు.

ఈ మాట ఇప్పుడెందుకు అంటారేమో. మన దగ్గర ట్రాక్టర్ వెనక ట్రక్కు లాగడం అందరికీ తెలుసు. కానీ ట్రాక్టర్ మెల్లగా పోతుంది. ఇప్పుడు కార్ల వెనక టిఫిన్ల ట్రైలర్లు వస్తున్నాయి, కుర్రవాళ్లు కారవాన్లు కట్టించుకుని కొత్తపట్నం బీచికీ మైపాడు బీచికీ పోదామనుకుంటున్నారు, అవి 16వ నంబరు జాతీయ రహదారి మీద కార్ల వేగంతో పోతున్నాయి. ట్రాక్టర్ వేగంలో బయటపడని లోపం కారు వేగంలో బయటపడుతుంది. అందుకని ఇప్పుడు మాట్లాడుకోవాలి.

ఎద్దుల బండి దగ్గర మొదలుపెడతాను. మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున. మా నాన్నగారు ఒంగోలు గిత్తల జతతో రెండెడ్ల బండి కట్టేవారు. వడ్ల బస్తాలు ఎక్కించేటప్పుడు ఆయన మొదటి బస్తాను ఎక్కడ వేయించేవారో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. బరువైన బస్తాలన్నీ ఇరుసు మీదా, ఇరుసుకు కాస్త ముందుకూ పడేవి. అన్నీ ఎక్కించాక, ఎద్దులను కట్టబోయే ముందు, కాడిని రెండు చేతులతో పట్టి ఎత్తి చూసేవారు. ఎందుకు ఎత్తి చూసేవారు? ఇక్కడ పెద్దవాళ్లు కొందరు నవ్వుతున్నారు, వారికి తెలుసు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను అణిచివేస్తుంది, మెడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది పట్టెడ గొంతుకు బిగుసుకుని ఎద్దులు రొప్పుతాయి. అందుచేత మెడ మీద బరువు ఉండాలి, అది కొద్దిగానే ఉండాలి. ఈ లెక్క చదువుకోని రైతుకు చేతుల్లో ఉండేది.

కారవాన్ కూడా రెండెడ్ల బండే. ఎద్దుల చోట కారు ఉంది. కాడి చోట కారు వెనక గుండు హుక్కు ఉంది, నొగల చోట ట్రైలర్ ముందున్న ఇనుప త్రికోణం ఉంది, ఇరుసు చోట ఇరుసే ఉంది. హుక్కు మీద పడే ఆ బరువును ఇంగ్లండువారు ముక్కు బరువు అంటారు, అమెరికావారు నాలుక బరువు అంటారు. మనం కాడి బరువు అనుకుందాం, మనకు అర్థమయ్యే మాట అదే. ఒక్క తేడా మాత్రం మరిచిపోకండి. ఎద్దులు నడిచే వేగంలో వెనక బరువు ఎద్దులకు ఊపిరాడకుండా చేస్తుంది, అంతటితో ఆగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అదే వెనక బరువు కారునూ కారవాన్‌నూ కలిపి రోడ్డు అవతలికి విసిరివేయగలదు.

నేను కళ్లారా చూసింది చెబుతాను. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి టిఫిన్ల ట్రైలర్ కట్టించుకున్నాడు. షెడ్డు పేరు చెప్పను, చెప్పవలసిన పనీ లేదు. చూడడానికి బాగుంటుందని 3 మీటర్ల పెట్టెకు ఇరుసును సరిగ్గా నడిమధ్యన బిగించారు. ముందు ఇనుప త్రికోణం 1.2 మీటర్లు. అంటే ఇరుసు నుంచి హుక్కుకు 2.7 మీటర్లు. వెనక తలుపు దగ్గర అందుబాటుగా ఉంటాయని రెండు నిండు గ్యాస్ సిలిండర్లు, 100 లీటర్ల నీళ్ల డ్రమ్ము పెట్టాడు. హోటళ్లవారు వాడే పెద్ద సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 35 కిలోలు తూగుతుంది. రెండు కలిసి 70, నీళ్లు 100, మొత్తం 170 కిలోలు ఇరుసుకు వెనక 1.2 మీటర్ల దూరంలో కూర్చున్నాయి. తక్కెడ లెక్క వేయండి. 170ని 1.2తో గుణించి 2.7తో భాగిస్తే ఎంత? దాదాపు 75. అంటే ఆ మూడు వస్తువులే హుక్కు మీద నుంచి 75 కిలోల బరువును ఎత్తివేస్తున్నాయి.

నేను పక్క సీటులో కూర్చున్నాను. ఒంగోలు దాటాక 60 వరకు ఏమీ తెలియలేదు. సింగరాయకొండ దగ్గర్లో వేగం 70 దాటేసరికి కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ ఒకసారి కుడివైపు కనబడుతోంది, ఒకసారి ఎడమవైపు కనబడుతోంది. అబ్బాయి స్టీరింగు తిప్పడం మొదలుపెట్టాడు, ఊపు ఇంకా పెరిగింది. 'చేతులు కదపకు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్' అన్నాను. తీశాడు. బ్రేకు తొక్కలేదు, అది మా అదృష్టం. వేగం 50కి దిగేసరికి ఊపు దానంతట అదే చచ్చిపోయింది.

ముందున్న పెట్రోలు బంకులోకి తీసుకుపోయి హుక్కు విప్పాము. విప్పగానే ఏం జరిగిందో ఊహించగలరా? ట్రైలర్ ముక్కు గాలిలోకి లేచి, తోక నేలకు తగిలింది. ఒంగోలు నుంచి అక్కడిదాకా ఆ ట్రైలర్ కారు వెనక భాగాన్ని పైకి ఎత్తుతూ వచ్చిందన్నమాట. కారు వెనక టైర్లకు రోడ్డు మీద పట్టు తగ్గిపోతూ వచ్చిందన్నమాట. నీళ్లు అక్కడే పారబోసి, సిలిండర్లను తెచ్చి ఇరుసుకు ఒక అడుగు ముందు కట్టాము. అదే కారు, అదే ట్రైలర్, అదే డ్రైవరు; కావలి దాకా చెయ్యి వణకలేదు. ఇంటికి వచ్చాక తూచి చూస్తే ట్రైలర్ మొత్తం బరువు 650, కాడి బరువు 50 కిలోలు వచ్చింది. తర్వాత ఇరుసునే వెనక్కి జరిపించాము.

మరి కాడి బరువు ఎంత ఉండాలి? ఐరోపా కారవాన్లకు నిండు బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని చెబుతారు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. ఇదేమిటి, ఊరికొక లెక్కా అని మీకు అనిపించవచ్చు. అమెరికాలో లాగే బండ్లు పెద్దవి, వాటి హుక్కులు అంత బరువును మోస్తాయి. ఐరోపా కార్లు చిన్నవి, అక్కడ కారవాన్లు లాగే వేగం మీద కట్టడి ఎక్కువ. మన కార్లు ఐరోపా లెక్కకు దగ్గర. 1,000 కిలోల కారవాన్ అయితే 60, 70 కిలోలు అనుకోండి. అయితే ఈ శాతాలకు మించిన హద్దు ఒకటి ఉంది. మీ కారు హుక్కు ఎంత బరువు మోయగలదని కారు కంపెనీ చెప్పిందో, హుక్కు తయారుచేసినవారు ఎంత చెప్పారో, ఆ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. కాడి బరువు మంచిదన్నారు కదా అని 150 కిలోలు మోపితే కారు వెనక కూలబడుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగుకు పట్టు తగ్గుతుంది, రాత్రిపూట మీ దీపాలు ఎదుటివారి కళ్లలో పడతాయి. నాన్నగారి ఎద్దుల మెడల సంగతి గుర్తుంది కదా, కొద్దిగానే ఉండాలి.

ఇంతకూ కొలవడం ఎలా? ఇంట్లో మనుషులు బరువు చూసుకునే చిన్న తూకం చాలు. కారవాన్‌ను సమంగా ఉన్న నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టి, తూకం మీద ఒక చెక్క ముక్క నిలబెట్టి, దాని మీద కప్లింగును, అంటే ట్రైలర్ ముందు చివర గుండు హుక్కును పట్టుకునే భాగాన్ని, దించండి. చెక్క పొడవు ఎంత ఉండాలంటే, కారుకు తగిలించినప్పుడు కప్లింగు ఏ ఎత్తులో ఉంటుందో ఇప్పుడూ సరిగ్గా అదే ఎత్తులో ఉండాలి. ఎత్తు మారితే లెక్క మారుతుంది. సామాను అంతా ఎక్కించాకే తూచాలి, ఖాళీ బండిని తూచి లాభం లేదు. మొత్తం బరువుకు ఏ రైసుమిల్లు దగ్గర కాటాకో పోండి. చీమకుర్తి రాళ్ల లారీలు తూగే కాటా మీద మన కారవాన్ ఒక పూచికపుల్ల, పది ఇరవై కిలోల తేడా చూపిస్తుంది, అయినా మన అవసరానికి సరిపోతుంది.

కావడి సంగతి

ఇప్పుడు చాలామందికి తట్టని విషయానికి వస్తున్నాను. దయచేసి శ్రద్ధగా వినండి. ఒకరు కాడి బరువు సరిగ్గా 65 కిలోలు వచ్చేటట్టు సర్దారు. కానీ ఎలా సర్దారు? వెనక బంపరుకు రెండు సైకిళ్లు, స్పేర్ చక్రం తగిలించి, దానికి సరితూగేటట్టు ముందు పెట్టెలో బ్యాటరీ, పనిముట్లు, బియ్యం బస్తా కుక్కారు. తూకం బాగుంది. బండి కుదురుగా ఉంటుందా?

ఉండదు. కావడి మోసేవాడిని మీరు చూసే ఉంటారు. రెండు చివరలా రెండు కుండలు. వాడు గిరుక్కున తిరగలేడు, తిరగడం మొదలుపెట్టాక గిరుక్కున ఆగలేడు కూడా. అదే రెండు కుండలను చంకల్లో పెట్టుకున్నవాడు ఎలా కావాలంటే అలా తిరుగుతాడు, అక్కడికక్కడ ఆగుతాడు. బరువు అంతే, మనిషి అంతే, కుండలు ఎంత దూరంలో ఉన్నాయన్నదే తేడా. దీని లెక్క చాలా కఠినమైనది. దూరం మూడింతలైతే దాని ప్రభావం మూడింతలు కాదు, తొమ్మిదింతలు. 20 కిలోల స్పేర్ చక్రం ఇరుసుకు 1 మీటరు దూరంలో ఉంటే దాని ప్రభావం 20 అనుకుందాం. 3 మీటర్ల దూరంలో, వెనక గోడకు తగిలించితే 180. అది ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడానికి టైర్లకు తొమ్మిదింతల పని.

అందుకని బరువైనవి ఇరుసు దగ్గర నేల మీద, ఓ మోస్తరువి వాటి చుట్టూ, దుప్పట్లూ బట్టలూ లాంటి తేలికవి పై అరల్లో, చివరల్లో. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో కారు, ట్రైలరు జంట కుదురు మీద పరీక్షలు చేసినవారు ప్రధానంగా చూసినవి కూడా ఇవే: ముక్కు మీద ఎంత బరువు, బరువులు ఇరుసుకు ఎంత దూరంలో, ఇరుసు ఎక్కడ అన్నవి. షెడ్లవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి వారికి చేతులు జోడించి ఒక మాట. స్పేర్ చక్రం వెనక గోడకు అందంగా కనబడుతుంది నిజమే. దాన్ని కిందికి, ఇరుసు దగ్గరికి తెచ్చి బిగించండి. నీళ్ల ట్యాంకును ఇరుసు మీదనే కట్టండి. అలా కడితే నిండినా ఖాళీ అయినా కాడి బరువు పెద్దగా మారదు.

వేగం ఏం చేస్తుంది

ప్రతి జంటకూ, అంటే ఆ కారు ఆ కారవాన్ కలిసిన జంటకు, ఒక హద్దు వేగం ఉంటుంది. దానికి దిగువన ఊపు పుట్టినా చచ్చిపోతుంది, ఎగువన పుట్టిన ఊపు పెరుగుతూ పోతుంది. ఎందుకలా?

ఊపును చంపేది టైరు. టైరు తను పోవలసిన దిక్కుకు కాస్త ఏటవాలుగా కదిలితే రోడ్డు దాన్ని పక్కనుంచి వెనక్కి తోస్తుంది. ఏటవాలు కోణం ఎంత ఎక్కువైతే తోపు అంత ఎక్కువ. ఇప్పుడు ఆలోచించండి. కారవాన్ తోక సెకనుకు అర మీటరు చొప్పున పక్కకు జరుగుతోంది అనుకుందాం. బండి మెల్లగా పోతుంటే, ముందుకు పోయే నడకతో పోల్చినప్పుడు ఆ పక్క జరుగుడు పెద్దది, కోణం పెద్దది, టైరు గట్టిగా అడ్డుకుంటుంది. వేగం రెండింతలు చేశారు. పక్క జరుగుడు అంతే ఉంది, ముందు నడక రెండింతలైంది, కోణం సగమైంది, ఊపును అణిచే బలం సగమైంది. అణిచే బలం తగ్గింది, ఊగే బరువు మాత్రం తగ్గలేదు. దీనికి తోడు కారవాన్ ఊగిన ప్రతిసారీ హుక్కు ద్వారా కారు తోకను పక్కకు తోస్తుంది, కారు తోక కదిలినకొద్దీ కారవాన్‌కు మళ్లీ ఊపు అందుతుంది. ఊయలను సరైన క్షణంలో తోస్తున్నట్టు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక స్థాయి దాటాక ఇక ఆగదు.

అందుకే ఇంగ్లండులో కారవాన్ లాగుతున్న కారు మోటార్‌వే మీద కూడా గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు దాటకూడదు; మధ్య విభజన లేని రోడ్డు మీద 50 మైళ్లు. జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లే, ప్రత్యేక అనుమతి పొందిన జంటకు 100. అక్కడి రోడ్లు, అక్కడి క్రమశిక్షణ ఉన్నా ఇంత కట్టడి ఉంది. మన రహదారి మీద పశువులు అడ్డం వస్తాయి, రాంగ్ రూట్లో మోటార్ సైకిళ్లు వస్తాయి. ఎంత వేగం అని నన్ను అడిగితే 70 అంటాను. అది నా సొంత అభిప్రాయం, కానీ ఆ అభిప్రాయాన్ని నేను గట్టిగా పట్టుకుని ఉన్నాను.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా మన రహదారి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, ఒకవైపు సముద్రం ఉంటుంది. మధ్యాహ్నం పూట తూర్పు నుంచి సముద్రపు గాలి, ఎండాకాలం చివర పడమటి గాలి. రెండూ మన బండికి పక్కనుంచే తగులుతాయి. 5 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల ఎత్తు ఉన్న కారవాన్ పక్క గోడ మీద గంటకు 40 కిలోమీటర్ల గాలి దాదాపు 100 కిలోల బలంతో తోస్తుంది. గాలి ఒకే తీరుగా వీస్తే ఫరవాలేదు, చెయ్యి అలవాటు పడుతుంది. ఫ్లై ఓవర్ గోడల చాటు నుంచి బయటపడిన క్షణాన, చెట్ల వరుస తెగిన చోట, నెల్లూరు దగ్గర పెన్న వంతెన మీదకి ఎక్కినప్పుడు, గాలి ఒక్కసారిగా చెంపదెబ్బ కొట్టినట్టు తగులుతుంది. అలాంటి చోటు రాకముందే వేగం తగ్గించాలి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట పోయే రోడ్డు చూశారా? రెండు పక్కలా నీళ్లు, చాటు అనేది లేదు.

పెద్ద బస్సు మిమ్మల్ని దాటిపోయేటప్పుడు కూడా ఇదే. బస్సు ముందు భాగం తోసుకొచ్చే గాలి మొదట మీ కారవాన్ తోకను ఎడమవైపు నెడుతుంది, బస్సు నడుము దాటేటప్పుడు తనవైపు లాగుతుంది. ఒక తోపు, ఒక లాగుడు. ఊపు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? బస్సు అద్దంలో కనబడగానే యాక్సిలరేటర్ కాస్త వదిలి, ఎడమవైపు కొంచెం చోటు ఇచ్చి, స్టీరింగును నిమ్మళంగా పట్టుకోండి.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు రోడ్డు పోదామనుకునేవారు దిగుడు గురించి ఆలోచించాలి. దిగుడులో కారు ముందు నిలదొక్కుకుంటుంటే వెనక నుంచి కారవాన్ తోస్తుంది. లాగే తాడు తిన్నగా ఉంటుంది, తోసే తాడు మెలికపడుతుంది. అందుకే చాలా మెలికలు దిగుడులోనే పుడతాయి. దిగుడు మొదలు కాకముందే తక్కువ గేరులోకి మారండి, దిగుతూ దిగుతూ మారుదామనుకోకండి.

కారుకు తగిన కారవాన్ కావాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఇంగ్లండులో ఒక సలహా ఇస్తారు: సామానుతో కలిపి కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు, ఎంత అనుభవం ఉన్నా 100 శాతం దాటకూడదు. అంటే 1,200 కిలోల కారుకు 1,020 కిలోల కారవాన్. ఇది సలహా మాత్రమే, మీ కారు కంపెనీ ఇచ్చిన లాగుడు హద్దు అంతకంటే తక్కువైతే దానికే కట్టుబడాలి. ఇంజనుకు లాగే సత్తా ఉంది కదా అని చాలామంది వాదిస్తారు. లాగడం వేరు, పట్టి నిలపడం వేరు. పోతరాజులాంటి దున్న తాడు పట్టుకున్న పిల్లవాడిని ఈడ్చుకుపోతుంది. పట్టుకున్నవాడు దున్న కంటే బరువైనవాడై ఉండాలి. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువ ఉన్న కారు, వెనక ఇరుసుకు హుక్కు దగ్గరగా ఉన్న కారు ఈ పనికి మేలు.

ఊపు పుట్టనే పుట్టింది, అప్పుడేం చేయాలి? ఇది రెండుసార్లు చెబుతాను. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. స్టీరింగును తిన్నగా పట్టుకోండి, ఊపుకు ఎదురు తిప్పకండి. బ్రేకు గట్టిగా తొక్కకండి. మళ్లీ చెబుతున్నాను: కాలు తీయండి, తిన్నగా పట్టుకోండి, బ్రేకు గట్టిగా తొక్కకండి. ఎదురు ఎందుకు తిప్పకూడదు? ఊపు అటు పోయి ఇటు రావడానికి పట్టేది సుమారు ఒకటి రెండు సెకన్లు. మీ కన్ను చూసి, మనసు గ్రహించి, చెయ్యి తిరిగేసరికి బండి అప్పటికే రెండో వైపుకు మళ్లి ఉంటుంది. మీరు సరిదిద్దుతున్నామనుకుని దానికి ఇంకో తోపు ఇస్తారు. ఆ టిఫిన్ల ట్రైలర్ అబ్బాయికి జరిగింది అదే. వేగం పెంచితే బండి సాగి తిన్నగా అవుతుందని కొందరు డ్రైవర్లు చెబుతారు. బాబూ, నువ్వు తల ఊపుతున్నావు, నువ్వూ విన్నట్టున్నావు. దయచేసి ఆ మాట నమ్మకండి. ఒక్క క్షణం తిన్నగా అయినట్టు అనిపించినా, మీరు హద్దు వేగానికి ఇంకా పైకి పోతున్నారు. తర్వాత పుట్టే ఊపును ఆపడం ఎవరి తరమూ కాదు. ఊపు ఆగాక కూడా ప్రయాణం కొనసాగించకండి, ఆపి సామాను చూడండి, టైర్లు చూడండి.

ఊపును ఆపే పరికరాలు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. జర్మనీకి చెందిన ఆల్-కో కంపెనీ లాంటివారు చేసే కప్లింగులు గుండు హుక్కును రాపిడి దిమ్మెలతో గట్టిగా పట్టుకుంటాయి, ఆ రాపిడి చిన్న ఊపులను మింగుతుంది. వీటిని వాడితే గుండు మీద గ్రీజు, పెయింటు మరక కూడా ఉండకూడదు. మామూలు కప్లింగుకు గ్రీజు రాస్తాం, దీనికి రాస్తే పరికరం పనికిరాకుండా పోతుంది. ఇంకో రకం కారవాన్ ఊగడాన్ని పసిగట్టి కారవాన్ బ్రేకులను తానే వేస్తుంది. కొన్ని కార్లలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థ కూడా ఒక్కొక్క చక్రానికి బ్రేకు వేసి ఊపును అణుస్తుంది. ఇవన్నీ మంచివే, డబ్బుంటే పెట్టించుకోండి. కానీ తప్పుగా సర్దిన బండికి వీటిని తగిలించి 100లో పోదామనుకుంటే, ఊపు మొదలయ్యే చోటు మాత్రమే కాస్త పైకి జరుగుతుంది, అక్కడ మొదలైన ఊపు ఇంకా భయంకరంగా ఉంటుంది.

టైర్ల గురించి క్లుప్తంగా. గాలి తగ్గిన టైరు పక్కకు మెత్తగా వంగుతుంది, కుదురును తినేస్తుంది, మన ఎండలకు వేడెక్కి పగులుతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉండగా గాలి చూడండి. కారు వెనక టైర్లలో నిండు బరువుకు చెప్పిన గాలి పెట్టండి, డోరు దగ్గర చీటీ మీద రాసి ఉంటుంది. కారవాన్ టైర్లు అరగకముందే ముసలివవుతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అయిదేళ్లు దాటితే మార్చే ఆలోచన చేయండి, ఏడేళ్లు దాటితే ఆలోచించకుండా మార్చండి.

కారవాన్ నేలకు సమంగా గానీ, ముక్కు కాస్త కిందికి గానీ ఉండాలి. ముక్కు పైకెత్తి ఉంటే మంచిది కాదు. బ్రేకు విషయం: ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు దాని సొంత బ్రేకు తప్పనిసరి. కారు ఆగుతుంటే కారవాన్ ముందుకు తోస్తుంది, ఆ తోపుకే కప్లింగు లోపలికి జరిగి, కడ్డీని లాగి చక్రాలకు బ్రేకు వేస్తుంది. కరెంటు అక్కరలేదు, డ్రైవరు చేయవలసింది లేదు. షెడ్లవారు ఇది లేకుండా పెద్ద ట్రైలర్ కట్టకండి. కారవాన్ ఊడిపోతే దాని బ్రేకు పడేటట్టు ఉండే సన్నటి తీగను కారుకు తగిలించడం మరవకండి. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. బయట వేపచెట్టు కింద ఆ అబ్బాయి ట్రైలర్ నిలిపి ఉంచాము. తూకం తెచ్చాను, చెక్క ముక్క తెచ్చాను, రెండు నీళ్ల డబ్బాలు కూడా నింపి పెట్టించాను. డబ్బాలను ముందు తోకలో, తర్వాత ఇరుసు మీద, తర్వాత ముక్కులో పెట్టి మూడుసార్లు తూచుదాం. అంకెలు ఎవరైనా ఒకరు కాగితం మీద రాయండి. అమ్మా, మీరు ముందు రండి, మీ చేత్తోనే కప్లింగు ఎత్తి చూడండి. రాళ్లు చక్రాలకు అడ్డం పెట్టాకే దగ్గరికి రండి.